పాత స్విఫ్ట్ పెట్రోల్‌కి పికప్ పెంచాలంటే 60 వేలు ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న ఇదీ. బండి 2015 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ పెట్రోల్, 90 వేల కిలోమీటర్లు దాటింది. బొబ్బిలి నుంచి రామభద్రపురం, గజపతినగరం మీదుగా విజయనగరం రోజూ తిరుగుతారు. అప్పుడప్పుడు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని సాలూరు ఘాట్ మీదుగా జయపురం వెళ్తారు. విజయనగరం రోడ్డు మీద ఒక్కరే ఉన్నప్పుడు కూడా, లారీని దాటబోతే బండి లాగట్లేదు, ఏసీ వేస్తే మరీ నీరసం. వైజాగ్‌లో ఒక షాపువాళ్లు ఓపెన్ ఎయిర్ ఫిల్టరు (డబ్బా లేకుండా బయటికే ఉండే గాలి ఫిల్టరు), ఫ్రీ ఫ్లో సైలెన్సరు (పొగ అడ్డు లేకుండా పోయేది), ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో ప్రోగ్రాం మార్చడం) మూడూ కలిపి 60 వేలు అన్నారు. చేయించుకోవచ్చా?

ఈ బండికి ఆ మూడింటి మీద 60 వేలు పెట్టకండి. పెడితే చప్పుడు పెరుగుతుంది, కొన్నాళ్లు ఏదో చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది, లారీ పక్కకొచ్చేసరికి మళ్లీ అదే గుండెదడ. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నింపే ఫ్యాను) లేని చిన్న పెట్రోల్ ఇంజన్‌కి బయటి నుంచి తగిలించే సామానుతో పెరిగేది చాలా తక్కువ. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ఇంజన్‌లో ఉన్న పవరే చక్రం దాకా చేరట్లేదని నా అనుమానం. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఆ 60 వేలలో మూడో వంతు కూడా అవ్వకపోవచ్చు.

నేను సాలూరులో లారీల డీజిల్ పంపుల దగ్గర పని నేర్చుకుని, తర్వాత విజయనగరంలో కార్ల షెడ్డు పెట్టుకున్నవాణ్ణి. "ఏటి మేస్త్రీ, బండి లాగట్లేదు" అంటూ వచ్చే బళ్లు రెండు రకాలు. ఒకదానికి ఉన్న పవర్ పోయి ఉంటుంది, రెండోదానికి కంపెనీయే అంత ఇచ్చి ఉంటుంది. మొదటిదానికి రిపేరు చాలు. మోడిఫికేషన్ మాట రెండోదానికే. షాపువాళ్లు ఈ తేడా చూడకుండా రేటు చెప్పేశారంటే వాళ్ల దగ్గర ఉన్న సరుకు మీకు అంటగడుతున్నారనే అర్థం.

పైసా ఖర్చులేని పని ముందు: గేరు. మీ ఇంజన్ 1197 సీసీ, సుమారు 84 హార్స్‌పవర్, 115 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఆ టార్క్ నిండుగా వచ్చేది 4000 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, పవర్ 6000 దగ్గర. మీరు ఐదో గేర్లో 80 మీద పోతున్నప్పుడు ఇంజన్ రెండున్నర వేల లోపే తిరుగుతూ ఉంటుంది. అక్కడ యాక్సిలేటర్ నేలకి తొక్కినా అది మూలుగుతుంది తప్ప లేవదు. అదే 80 మీద మూడో గేరుకి దించండి. ముల్లు నాలుగు వేల దగ్గరికి వస్తుంది, అంటే టార్క్ ఎక్కడుందో సరిగ్గా అక్కడికి. పైగా గేరు నిష్పత్తి వల్ల చక్రానికి చేరే లాగుడు ఐదో గేరుతో పోలిస్తే ఒకటిన్నర రెట్ల పైమాటే. ఏ రీమ్యాపూ మీ బండికి ఇంత తేడా తేలేదు.

మనవాళ్లకి దీనికి మనసు ఒప్పదు. ఇంజన్ అరిస్తే ఏదో అయిపోతుందని భయం, మైలేజీ పోతుందని బాధ. ఆయిల్ సరిగ్గా ఉన్న మీ బండి కె సిరీస్ ఇంజన్‌కి ఐదు వేల ఆర్‌పీఎం ఒక లెక్క కాదు, దాన్ని తయారు చేసిందే అలా తిరగడానికి. రామభద్రపురం నుంచి గజపతినగరం వరకూ ఆ రెండు వరసల రోడ్డు మీద రాయపూర్ లారీలు బారులు తీరి ఉంటాయి, మానాపురం సంత రోజైతే పశువుల బళ్లు కూడా తోడు. అక్కడ లారీ వెనకాల అతుక్కుని ఉండి, ఖాళీ దొరికాక ఐదో గేర్లోనే తొక్కితే దాటడం సాగీ సాగీ ఎదురుబండి మీదికి వచ్చేస్తుంది. కొంచెం దూరం ఉంచి, ముందే మూడుకి దించి, ముల్లు పైకొచ్చాక బయటికి తీయండి. ఎదర బండి కనిపిస్తే వెనక్కి తగ్గడానికి కూడా ఆ ఎడం పనికొస్తుంది.

ఘాట్ సంగతి వేరు. అక్కడ గేరుతో పాటు గాలీ బరువూ కూడా లెక్కలోకి వస్తాయి. మీ బండి ఖాళీ బరువు టన్నుకి కాస్త తక్కువ. నలుగురు పెద్దవాళ్లు, డిక్కీ నిండా సామాను అంటే మూడు వందల కిలోలు. బండి మూడో వంతు బరువెక్కింది, ఇంజన్ మాత్రం అదే. దానికి తోడు ఘాట్ మీద సుంకి ఊరు దాటి పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు, అక్కడికి చేరేసరికి టర్బో లేని ఇంజన్ ఎనిమిది శాతం దాకా పవర్ పోగొట్టుకుంటుంది. మే నెల ఎండలో కింద కూడా ఇలాగే ఉంటుంది. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత ఆరు శాతం తక్కువ. కాబట్టి జయపురం దారిలో బండి నీరసంగా అనిపించడం జబ్బు కాదు. మలుపుల్లో రెండో గేరు, మెట్ట ఎక్కువైన చోట ఏసీ కట్టేయడం, అంతే. కానీ మీకు విజయనగరం రోడ్డు మీద, ఒక్కరే ఉన్నప్పుడు కూడా లాగట్లేదన్నారు చూడండి, చూడాల్సింది దాన్నే.

బ్రేకు పట్టేసిందేమో చూడండి. దీన్ని ముందు పెట్టడానికి కారణం ఉంది. ఉప్పుగాలి తగిలే బళ్లలో, వానాకాలం కదలకుండా నిలబెట్టేసిన బళ్లలో ఇది మామూలు. భోగాపురం వైపు నుంచి ఒక స్విఫ్ట్ వచ్చింది, అచ్చం మీ మాటే: పికప్ పోయింది, మైలేజీ తగ్గింది. అతను అప్పటికే ప్లగ్గులు, ఫిల్టరు, ఇంజెక్టర్ క్లీనింగ్ అన్నీ చేయించేశాడు. బండి రాగానే బోనెట్ ఎత్తలేదు, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. ముందు ఎడమ చక్రం రిమ్ము సెగలు కక్కుతోంది, మిగతా మూడూ గోరువెచ్చన. జాకీ ఎత్తి చక్రం తిప్పితే రెండు చేతుల బలం కావాల్సి వచ్చింది. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) విప్పితే, అది అటూ ఇటూ జరిగే కింది స్లైడ్ పిన్ను తుప్పుతో బిగుసుకుపోయి ఉంది, రబ్బరు బూటు చిరిగి లోపలికి నీళ్లు దిగాయి. లోపలి ప్యాడ్ సన్నని రేకయింది, బయటిది ఇంకా సగం ఉంది. రెండు ప్యాడ్ల అరుగుదలలో ఇంత తేడా ఉంటే పిన్ను కదలట్లేదనే. కొత్త పిన్ను, బూట్లు, బ్రేకుకి వాడే గ్రీజు, ప్యాడ్ల జత. బండి దానంతట అదే పరిగెత్తడం మొదలెట్టింది.

మీరు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. బ్రేకు ఎక్కువ వాడకుండా పది పదిహేను కిలోమీటర్లు నడిపి ఆపండి, ప్రతి చక్రం దగ్గరా చెయ్యి పెట్టండి. రిమ్ముకి ఆనించొద్దు, పట్టేసిన చక్రమైతే కాలుతుంది. ఒకటి మిగతావాటి కన్నా బాగా వేడిగా ఉంటే దొంగ దొరికినట్టే. వెనక డ్రమ్ములు కూడా చూడండి, హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగుసుకుపోయి షూలు రాసుకుంటూ ఉండొచ్చు.

తర్వాత క్లచ్. 90 వేలు, అందులో ఘాట్ ప్రయాణాలు, ఊళ్లో హాఫ్ క్లచ్. అనుమానించాల్సిందే. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 50 మీద పోతూ యాక్సిలేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లూ స్పీడూ కలిసి మెల్లగా పెరిగితే క్లచ్ బాగుంది. ముల్లు ముందు ఎగిరి, స్పీడు తర్వాత తాపీగా వస్తే క్లచ్ జారుతోంది, ఇంజన్ పవర్‌లో కొంత ప్లేటు కాల్చడానికే పోతోంది. ఘాట్‌లో కాలిన వాసన వచ్చిందంటే ఇక టెస్టు కూడా అక్కర్లేదు. మీ బండికి ప్లేటు, కవరు, బేరింగ్ కలిపి కూలితో సహా ఏడెనిమిది వేల దగ్గర అవుతుంది. ఈ స్థితిలో రీమ్యాప్ చేయించారనుకోండి, జారే క్లచ్ మీద ఇంకాస్త బరువు వేసినట్టు.

మిగతావి చిన్నచిన్నవి, గబగబా చెప్తాను. టైర్లలో గాలి డ్రైవర్ డోరు తీస్తే కనిపించే స్టిక్కర్‌లో ఉన్నంత ఉండాలి. ప్లగ్గులు 90 వేలకీ పాతవే అయితే మార్చేయండి, ఇరీడియం అక్కర్లేదు, కంపెనీ చెప్పిన మామూలువే. థ్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) నల్లగా ఉంటే శుభ్రం చేయించండి. ఎయిర్ ఫిల్టరు మాత్రం కొంచెం గట్టిగా చెప్తాను, ఎందుకంటే మన వైపు దుమ్ము మామూలు దుమ్ము కాదు. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీ రోడ్లు, గరివిడి వైపు రోడ్లు తిరిగే బళ్ల ఫిల్టర్లు దులిపితే దోసెడు పొడి రాలుతుంది. పూడుకుపోయిన ఫిల్టరు వల్ల ఇప్పటి ఇంజెక్షన్ బళ్లలో మైలేజీ పెద్దగా పడిపోదు, పికప్ మాత్రం పడిపోతుంది. అమెరికాలో ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పరీక్షలు చేసి ఇదే తేల్చింది. మూడు నాలుగు వందల రూపాయల కాగితం ఫిల్టరు సమయానికి మారిస్తే చాలు.

అలాయ్ వీల్స్ సంగతి మీరు రాయలేదు. మీ వీఎక్స్‌ఐకి కంపెనీ ఇచ్చిన టైరు సైజు 165/80 ఆర్14. అందం కోసం 205/55 ఆర్16 ఏమైనా వేయించి ఉంటే పికప్ అక్కడే కొంత పోయింది. చక్రం వ్యాసం రెండు శాతం పెరిగితే అన్ని గేర్లూ రెండు శాతం బరువెక్కినట్టే, పైగా ఆ చక్రాల బరువు అదనం. తిరిగే బరువుని లేపడానికి మామూలు బరువు కన్నా ఎక్కువ శక్తి కావాలి. పాత సైజుకి మారిపోండి. టాప్ మీద క్యారియర్ ఉంటే, వాడని రోజుల్లో తీసి అటక మీద పడేయండి.

ఇక ఆ షాపువాళ్లు చెప్పిన మూడింటి మాట.

ఓపెన్ ఫిల్టరు బోనెట్ కింద వేడిగాలినే పీలుస్తుంది. కంపెనీవాళ్లు ప్లాస్టిక్ గొట్టం వేసి ముందు నుంచి చల్లగాలి తెచ్చేది ఊరికే కాదు. ఓపెన్ ఫిల్టరు పెట్టాక వినిపించే "స్‌స్‌స్" అనే చప్పుడుకి మనసు పొంగుతుంది, స్టాప్‌వాచ్ మాత్రం ఒప్పుకోదు. పైగా కొన్ని రకాలు సన్నటి దుమ్మును కంపెనీ ఫిల్టరంత బాగా ఆపవు. నూనె రాసే రకమైతే, గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్ ఉన్న డీజిల్ బళ్లలో ఆ నూనె సెన్సర్ మీద చేరి కొత్త తలనొప్పి.

ఫ్రీ ఫ్లో సైలెన్సరు పైన ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర ఒకటో రెండో హార్స్‌పవర్ ఇవ్వొచ్చు. మీరు లారీని దాటేది అక్కడ కాదు. దానికోసం క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషం తగ్గించే డబ్బా) కోసేస్తే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతారు.

రీమ్యాప్: టర్బో లేని ఇంజన్‌లో ట్యూనర్ చేతిలో ఉండేవి ఇగ్నిషన్ టైమింగూ (ప్లగ్గు నిప్పురవ్వ కొట్టే సమయం) ఇంధనం మోతాదూ, ఇంచుమించు అంతే. లోపలికి వచ్చే గాలి పెంచే దారి లేదు. ఎంత నిజాయతీగా చేసినా అయిదారు శాతం, అంటే మీ బండికి నాలుగైదు హార్స్‌పవర్. పక్క సీట్లో సన్నటి మనిషి దిగిపోతే వచ్చే తేడా కూడా దాదాపు అంతే.

ఇంటర్నెట్‌లో అమ్మే ఓబీడీ చిప్పులు (బండి లోపాలు చూసే సాకెట్‌లో గుచ్చేవి), పెట్రోలు పైపుకి కట్టే అయస్కాంతాలు మోసం, వాటి గురించి ఇంతకన్నా రాయను. పెడల్ బాక్సు (యాక్సిలేటర్ వైరుకి తగిలించే చిన్న పెట్టె) మోసం కాదు గానీ అది పవర్ ఇవ్వదు. మీరు సగం తొక్కితే ముప్పాతిక తొక్కినట్టు ఇంజన్‌కి చెప్తుంది. మీరే ముప్పాతిక తొక్కుకోవచ్చు.

టర్బో బళ్లయితే లెక్క వేరు. మీ ప్రశ్న కింద మరొకరు స్విఫ్ట్ డీజిల్ గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. ఆ 1.3 డీడీఐఎస్ ఇంజన్ 75 హార్స్‌పవర్, 190 న్యూటన్ మీటర్లు. అదే ఇంజన్‌ని వేరే టర్బోతో సియాజ్, ఎర్టిగాల్లో 90 హార్స్‌పవర్‌తో అమ్మారు. టర్బో బండికి రీమ్యాప్ చేస్తే బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెంచి, దానికి తగ్గ ఇంధనం పోస్తారు, ఇరవై శాతం పైన తేడా నిజంగానే వస్తుంది. సాలూరు లారీల దగ్గర పాతరోజుల్లో "పంపు పెంచడం" అని ఉండేది. ఘాట్ ఎక్కడానికి పంపు సీలు విప్పి స్క్రూ తిప్పేవారు, బండి లాగేది, వెనకాల నల్లటి పొగ కూడా అంతే లాగేది. ఇప్పుడు లాప్‌టాప్‌తో చేసేదీ సారాంశంలో అదే, తెలిసినవాడు చేస్తే పొగ రాదు.

దాని వెనకాల వచ్చే ఖర్చు మాత్రం షాపులో చెప్పరు. నా దగ్గరికొచ్చిన ఒక స్విఫ్ట్ డీజిల్‌కి బయట ఎక్కడో రీమ్యాప్ చేయించారు, లక్ష కిలోమీటర్ల పాత క్లచ్ అలాగే ఉంచి. చదునైన రోడ్డు మీద బండి గుర్రంలా ఉందట. ఫ్యామిలీతో ఘాట్ ఎక్కుతుంటే పి.కోనవలస దాటాక క్లచ్ పూర్తిగా వదిలేసింది, బండిని లారీ మీద ఎక్కించి దించారు. డీజిల్‌కి రీమ్యాప్ చేయించాలంటే ముందు క్లచ్, ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోస్‌లు, ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) చూపించుకోండి. హోస్‌ల మాట ఎందుకంటున్నానంటే, ఆ బళ్లలో "పికప్ పోయింది" అంటే సగం సార్లు టర్బో నుంచి వచ్చే రబ్బరు హోస్ చీలికే కారణం. హోస్ మీద నూనె తడి, దానికి అంటుకున్న మట్టి, తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం, వెనకాల నల్లపొగ. హోస్ మార్చగానే ఓనర్లు "ఇంక రీమ్యాప్ ఎందుకులే" అని వెళ్లిపోతారు. బీఎస్6 డీజిల్ అయితే డీపీఎఫ్ (పొగలో మసి పట్టే ఫిల్టరు) తీసేస్తామనే వాళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది చేసిన సవరణలో, అనుమతి లేని ప్రతి మార్పుకీ ఓనరుకి 5 వేల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు లేదా రెండూ పెట్టారు. శబ్దం, పొగ నిబంధనలు మీరితే వేరే సెక్షన్ కింద 10 వేల దాకా జరిమానా ఉంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి రీమ్యాప్ కంటికి కనిపించదు, సైలెన్సరు మాత్రం చెవికి వినిపిస్తుంది. జరిమానా కన్నా నాకు ఇన్సూరెన్స్ గురించే ఎక్కువ భయం. కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు, పెద్ద యాక్సిడెంట్ అయ్యాక సర్వేయరు కంట్లో పడితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

మీ స్థానంలో నేనైతే ఏం చేస్తానో చెప్తాను. ముందు ఫోన్లో జీపీఎస్ స్పీడోమీటర్ యాప్ వేసుకుని, ఖాళీగా ఉండే సమతలం రోడ్డు మీద, మూడో గేర్లో 40 నుంచి 80కి ఎంతసేపు పడుతుందో చూస్తాను. పక్కన ఒకరిని కూర్చోబెట్టి వాళ్ల చేత కొలిపిస్తాను. ఏసీ ఆపి, రెండు దిక్కులా, గాలి ప్రభావం పోవడానికి. ఆ అంకె రాసిపెట్టుకుని బ్రేకులు, క్లచ్, ఫిల్టరు, ప్లగ్గులు, టైర్లలో గాలి వరసగా చూపిస్తాను, ప్రతి పనికీ మళ్లీ కొలుస్తాను. దీనితో ఏ మెకానిక్కూ, ఏ షాపూ మిమ్మల్ని మాటలతో మాయ చేయలేరు. మిగిలిన డబ్బులో మంచి టైర్లు, ముందు బ్రేకు ప్యాడ్లు. పికప్ పెరిగిన బండికి ఆగడం కూడా రావాలి కదా.

అన్నీ సరిచేశాక కూడా ఆ బండి మీకు చాలలేదనిపిస్తే అప్పుడు అది రెండో రకం, కంపెనీయే అంత ఇచ్చింది. కె సిరీస్‌కి టర్బో కిట్ పెట్టిస్తామనే వాళ్లుంటారు, లక్షల్లో ఖర్చు, తర్వాత దాన్ని ముట్టుకునే మెకానిక్ బొబ్బిలిలోనూ దొరకడు, విజయనగరంలోనూ దొరకడు. దానికి బదులు ఈ బండి అమ్మేసి, ఆ 60 వేలకి ఇంకొంత కలిపి సెకండ్ హ్యాండ్‌లో టర్బో పెట్రోల్ వెతకండి. బాలెనో ఆర్‌ఎస్‌ది 102 హార్స్‌పవర్, 150 న్యూటన్ మీటర్లు. పోలో 1.0 టీఎస్‌ఐది 110, 175. ఘాట్ మీద ఎత్తుకి కూడా టర్బో అంతగా తగ్గదు. స్పేర్ల విషయంలో మారుతి సుఖం, పోలోకి వైజాగ్ పరిగెత్తాల్సి రావచ్చు, అది చూసుకుని దిగండి.

ఈ ఆదివారం చక్రాల వేడి, క్లచ్ పరీక్ష రెండూ చేసి, 40 నుంచి 80 టైమెంతో ఇక్కడ రాయండి. టైర్ల సైజు, చివరిసారి ప్లగ్గులు ఎప్పుడు మార్చారో కూడా రాయండి. విజయనగరం ఎలాగూ రోజూ వస్తారు కాబట్టి, బ్రేకు పట్టేసినట్టు తేలితే మాత్రం ఘాట్ ఎక్కకుండా ముందు అది విప్పించండి.